పీసీనా, కన్సోలా? డిస్కా, డౌన్‌లోడా?

విశాఖ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీడియో గేముల మీదే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. ధరలు తరచూ మారుతున్నాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో చేరాడు. గేమింగ్ పీసీ కావాలని పట్టుబట్టాడు. వాళ్ల నాన్నగారేమో టీవీకి తగిలించే ఆటల పెట్టె, పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కన్సోల్ కొనిస్తే సరిపోతుంది, అంత ఖర్చెందుకు అంటున్నారు. లక్ష దాటకూడదు. ఏది మేలు?
— ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

ముందు ఏ ఆటలు ఆడతాడో అడగండి. సగం పేచీ అక్కడే తేలిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లాంటివి పీసీలో తప్ప దొరకవు. ఫుట్‌బాల్, కార్ల రేసులు, కథతో నడిచే పెద్ద ఆటలైతే పీఎస్5 హాయి. సోఫాలో కూర్చుని బటన్ నొక్కితే చాలు, పీసీలోలా డ్రైవర్ల (భాగాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) గొడవ ఉండదు.

ఖర్చు మాత్రం కన్సోల్ కొనడంతో ఆగదు. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు అది అక్కర్లేదు. పీసీలో ఇలాంటి చందా లేదు, పైగా అక్కడి స్టోర్లలో తగ్గింపులు తరచూ వస్తుంటాయి. కన్సోల్ చేతిలో ఉన్న తురుపుముక్క డిస్కు. ఆట అయిపోయాక దాన్ని అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటి కుర్రాడికి ఇవ్వొచ్చు. అందుకే కన్సోల్ కొనేవాళ్లు నాలుగు డబ్బులు మిగులుతాయని డిస్క్ డ్రైవ్ లేని మోడల్ తీసుకోవడం మాకు నచ్చదు.

మా సలహా: కాలేజీ పనికి ఇంట్లో వేరే కంప్యూటర్ లేకపోతే పీసీ కొనండి. ఉంటే పీఎస్5 కొనండి.

పీసీ అయితే బడ్జెట్‌లో మూడో వంతు, వీలైతే ఇంకాస్త ఎక్కువ, ఆట బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి. దుకాణాల్లో ‘కాంబో’ అంటూ రంగు లైట్ల క్యాబినెట్ చూపించి, లోపల పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పెట్టె) పెట్టేస్తుంటారు. కోటేషన్‌లో ఎస్ఎంపీఎస్ కంపెనీ, మోడల్, వాట్లు రాయించుకోండి. మీ బడ్జెట్‌లో వచ్చే కార్డుకి 550 నుంచి 650 వాట్లు, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే సరిపోతుంది. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 చొప్పున రెండు ముక్కలుగా తీసుకోండి. ఒకటే పెడితే ప్రాసెసర్‌కి ర్యామ్‌తో మాట్లాడే దారి సగమైపోతుంది.

ఇంటికి తెచ్చాక చూసుకోవలసినవి మూడు. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చాలి. ‘ఇంత డబ్బు పోశాం, ఆట నత్తనడక నడుస్తోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్ దాన్ని 60 దగ్గరే ఉంచేయవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరకు వెళ్లి చేత్తో మార్చాలి. మూడోది బయోస్‌లో, అంటే పీసీ మొదలయ్యేటప్పుడే తెరిచే సెట్టింగుల్లో, ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయడం. అది చేయకపోతే ర్యామ్ పెట్టె మీద రాసిన వేగంతో పనిచేయదు.

హాస్టల్‌కి వెళ్లే పిల్లాడికి ల్యాప్‌టాపే గతి అనుకుంటే, చిప్ పేరు ఒక్కటే చూసి మోసపోకండి. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 అనే ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌ని చూడండి. 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు కంపెనీ ఇష్టం వచ్చినట్టు బిగించుకునే వీలుంది. పేరు ఒకటే అయినా పని తీరు ఒకటి కాదు. ఆ వాట్ల అంకె స్పెసిఫికేషన్ల పేజీలో టీజీపీ అని ఉంటుంది.

ప్రశ్న: మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. పాత కంప్యూటర్ స్క్రూలతో సహా తుప్పు పట్టి పోయింది. కొత్తది కొనబోతున్నాం. పీసీ, కన్సోల్‌లలో ఉప్పుగాలికి ఏది తట్టుకుంటుంది? ఎలా కాపాడుకోవాలి?
— విశ్రాంత ఉద్యోగి, లాసన్స్ బే కాలనీ

ఉప్పుగాలికి రెండూ లోకువే. తేడా ఏమిటంటే పీసీని విప్పి తుడుచుకోవచ్చు, పాడైన ముక్క ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. కన్సోల్ బోర్డు పోతే దాదాపు మొత్తం పోయినట్టే. బీచ్‌కి ఎదురుగా ఉండే ఇళ్లకు ఆ ఒక్క కారణంగా పీసీ వైపు మొగ్గుతాం.

జరిగేది ఇదీ. గాలిలో వచ్చే ఉప్పు కంటికి కనపడని పొరలా బోర్డు మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు దాని వల్ల హాని తక్కువ. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని నీరుగారుతుంది. అప్పుడది కరెంటు పారే ఉప్పునీటి పొర. మన ఊళ్లో తేమ ఆ గీత దాటని రోజులెన్ని చెప్పండి! అందుకే వాడకుండా మూలన పెట్టిన మిషనే ముందు పాడవుతుంది. రోజూ కాసేపు నడిచేది లోపలి వేడికి ఆరిపోతూ ఉంటుంది. వేసవి సెలవులకు ఊరెళ్లే ముందు ప్లగ్ తీసేసి, మిషన్ చల్లారాక గుడ్డ కప్పండి. వేడి మీద ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ లోపలే చిక్కుకుంటుంది.

కిటికీ పక్కన, బాల్కనీ తలుపు ఎదుట పెట్టకండి. ఏసీ గది అయితే మంచిది, ఏసీ గాలిలో తేమ తగ్గిస్తుంది. ఒక చిక్కుంది: ఏసీ ఆపిన వెంటనే కిటికీలు బార్లా తెరిస్తే బయటి తడిగాలి చల్లటి లోహం మీద చెమ్మగా దిగుతుంది. కాసేపు ఆగి తెరవండి. చల్లటి గదిలోంచి హాల్లోకి మార్చిన మిషన్‌ని అరగంట దాకా ఆన్ చేయకండి.

పీసీకి గాలి లోపలికి లాగే ఫ్యాన్లు బయటకు తోసేవాటికంటే ఎక్కువ ఉండాలి, లాగే చోట్ల జల్లెడ ఉండాలి. అలా అయితే గాలి జల్లెడ గుండానే వస్తుంది, సందుల్లోంచి దూరదు. జల్లెడలు నెలకోసారి కడిగి పూర్తిగా ఆరబెట్టి బిగించండి. మూడు నెలలకోసారి లోపల బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగులు పోతాయి. ర్యామ్ అంచులు, కార్డు అంచులు నల్లబడితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఇంట్లో ఉన్న శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి.

పీఎస్5 అయితే ప్లగ్ తీసి, పక్క పలకలు ఊడదీసి, ఫ్యాన్ దగ్గరి దుమ్మునీ, దుమ్ము చేరడానికే పెట్టిన రంధ్రాల్లోదాన్నీ వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి. అంతకు మించి లోపలికి వెళ్లకండి. అందులో చిప్ మీద వేడిని లాగే మామూలు పేస్టు కాకుండా లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఉంటుంది, అది జారి బోర్డు మీద పడితే షార్టే. మిషన్ చుట్టూ జానెడు ఖాళీ వదలండి. 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని తయారీదారు చెప్పిన మాట. పైఅంతస్తు ఇళ్లలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా ఆడటం మానుకోవడమే మంచిది.

కంట్రోలర్లు, డిస్కులు మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే తేమతో నిండాయని గుర్తు. వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.

ప్రశ్న: ఆట మధ్యలో కరెంటు పోయి సేవ్ చేసిందంతా పోయింది. ఇంటికి ఇన్వర్టర్ ఉంది, అయినా పీసీ ఆగిపోతోంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది కూడా.
— డిప్లొమా విద్యార్థి, గాజువాక

రెండూ వేర్వేరు జబ్బులు. రెండోది ముందు చూడండి. జివ్వుమంటోందంటే మీ సాకెట్‌కి ఎర్తింగ్ లేదు, లేదా వైరు ఊడింది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని ఎర్త్ తీగలోకి పంపుతాయి. ఆ తీగకు దారి లేకపోతే సుమారు 115 వోల్టులు క్యాబినెట్ మీదే నిలుస్తాయి. కరెంటు స్వల్పమే అయినా హెచ్‌డీఎంఐ పోర్టులు పోవడానికి అది చాలు. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చి వాడుతుంటే వెంటనే మానేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి.

ఇక ఇన్వర్టర్ సంగతి. చాలావాటికి వెనక చిన్న స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు నార్మల్ లేదా ఎకో. పీసీ ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లు. నార్మల్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. స్విచ్ యూపీఎస్ వైపు తిప్పి చూడండి.

అప్పటికీ ఆగిపోతుంటే విడిగా యూపీఎస్ కొనాలి. ఆఫీసుల్లో వాడే 600 వీఏది (వీఏ అంటే యూపీఎస్ పెట్టె మీద రాసే సామర్థ్యం) నిజంగా ఇచ్చేది దాదాపు 360 వాట్లు. ఆట ఊపులో ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు లాగే విద్యుత్తుకి అది కుయ్యిమని పడుకుంటుంది. గేమింగ్ పీసీకి 1000 వీఏ, 600 వాట్లది చూడండి. అయిదు నిమిషాలు నిలబెట్టి, సేవ్ చేసి, షట్‌డౌన్ చేసేంత వ్యవధి ఇస్తే దాని పని అయిపోయినట్టే. దాని మీద గంట ఆడాలనుకోకండి.

కన్సోల్ ఉన్నవాళ్లకు ఒక మాట: కోతలు తరచూ ఉండే చోట రెస్ట్ మోడ్‌లో (సగం నిద్రలో) వదిలేయకుండా పూర్తిగా ఆఫ్ చేయండి. ఉరుముల వేళ ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ రౌటర్ నుంచి వచ్చే కేబుల్ కూడా పీకేయండి. తుపాను తర్వాత కరెంటు వచ్చిన వెంటనే ఆన్ చేయొద్దు, వోల్టేజి కుదురుకునే దాకా పది నిమిషాలు ఆగండి.

ప్రశ్న: బటన్ మీద ‘కొనండి’ అనే రాశారు. పూర్తి ధర కట్టాను. మరి ఆ ఆట నా సొంతం కాదని మా స్నేహితుడు అంటాడేమిటి? రేపు స్టోరు మూసేస్తే నా డబ్బు గోవిందేనా?
— ప్రైవేటు ఉద్యోగి, మధురవాడ

మీ స్నేహితుడి మాటే నిజం. మీరు కొన్నది ఆట కాదు, ఆడుకునే అనుమతి. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్ ఒప్పందంలోనే ఇది లైసెన్సే గానీ అమ్మకం కాదని ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద 2024 సెప్టెంబరులో చట్టం చేసింది. లైసెన్సు ఇస్తూ ‘కొనండి’ అని రాస్తే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలన్నది దాని సారం. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అది అమల్లోకి రాకముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ తన చెల్లింపు పేజీలో ఆ వాక్యం పెట్టేసింది.

ఇది కాగితం మీది భయం మాత్రమే కాదు. యూబీసాఫ్ట్ కంపెనీ వారి ‘ది క్రూ’ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడే భాగం కూడా సర్వర్ మీదే ఆధారపడింది కాబట్టి డిస్కు కొన్నవాళ్లకూ ఏమీ మిగల్లేదు. ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది ఆ కోపంలోంచే. వాళ్లు ఐరోపా సమాఖ్యకు పెట్టిన వినతి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది.

అలాగని స్టోరు మూతపడిన ప్రతిసారీ అంతా పోదు. అమ్మకం ఆపడం వేరు, కొన్నవి మళ్లీ దించుకోనివ్వకపోవడం వేరు. నింటెండో కంపెనీ ఆట మిషన్లు 3డీఎస్, వీ యూల స్టోర్లలో 2023 మార్చిలో అమ్మకాలు ఆగాయి. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 స్టోరు 2024 జులైలో మూసేశారు. రెండు చోట్లా అప్పటికే కొన్నవాటిని మళ్లీ దించుకునే వీలు ఉంచారు. ఎన్నాళ్లుంటుందన్నది వాళ్ల దయ. కాబట్టి కావలసినవి ముందే దించిపెట్టుకోండి.

ఉన్నంతలో గట్టి హక్కు కావాలంటే పీసీలో జీఓజీ స్టోరు చూడండి. అక్కడ ఆటలకు తాళం (స్టోరు అనుమతి లేనిదే నడవనివ్వని ఏర్పాటు) ఉండదు, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఇస్తారు. వాటిని రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో దాచుకుంటే స్టోరు ఉన్నా లేకున్నా ఇన్‌స్టాల్ అవుతాయి. దాచాక నెట్ తీసేసి ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఫైళ్లలో ఒకటి సగమే దిగి ఉంటే ఆ రోజే తెలియాలి.

స్టీమ్‌లో ఆట ఆటకీ తేడా. పరీక్ష తేలిక: స్టీమ్‌ని పూర్తిగా మూసి, స్టీమ్‌యాప్స్ లోపల కామన్ అనే ఫోల్డర్‌కి వెళ్లి ఆట ఫైలుని నేరుగా నొక్కండి. స్టీమ్ తెరుచుకోకుండా ఆట నడిస్తే దానికి తాళం లేదు, ఫోల్డర్ కాపీ చేసి దాచుకోవచ్చు. తాళం ఉన్నవాటికి స్టీమ్ ఇచ్చే బ్యాకప్ సౌకర్యం డౌన్‌లోడ్ సమయం ఆదా చేస్తుంది తప్ప స్టీమ్ లేకుండా ఆడనివ్వదు.

కన్సోల్‌లో డిస్కు ఉందంటే అమ్ముకునే హక్కు ఉన్నట్టే, కానీ డిస్కులో ఆట మొత్తం ఉందని నమ్మకం లేదు. కొన్నిటిలో సగమే ఉండి మిగతాది నెట్‌లో దిగుతుంది. నెట్ ఆపేసి ఇన్‌స్టాల్ చేస్తే ఎంతవరకు నడుస్తుందో తెలిసిపోతుంది. నింటెండో స్విచ్ 2కి వచ్చే గేమ్ కీ కార్డుల్లో అయితే ఆట అసలు ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే. పీఎస్5 స్లిమ్‌కి విడిగా డిస్క్ డ్రైవ్ కొని తగిలించేవాళ్లు గుర్తుంచుకోవలసింది, మొదటిసారి దాన్ని జతచేయడానికి నెట్ ఉండి తీరాలి.

చందాలో వచ్చినవాటిని సొంతం అనుకోవద్దు. పీఎస్ ప్లస్ నెలవారీ ఆటలు చందా ఆగితే తాళం పడతాయి, మళ్లీ కడితే తెరుచుకుంటాయి.

నిజానికి కంపెనీ మూతపడి ఆటలు పోగొట్టుకునే కన్నా ఖాతా చేజారి పోగొట్టుకునే ప్రమాదమే దగ్గరలో ఉంది. సిమ్ మార్చి, పాత నంబరుకి ఓటీపీ వెళ్తుంటే లైబ్రరీ మొత్తం చిక్కుకుపోతుంది. రెండంచెల భద్రత పెట్టుకోండి, రికవరీ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కొనుగోలు ఈమెయిళ్లు చెరిపేయకండి. ఖాతా మీదేనని నిరూపించుకోవడానికి పనికొచ్చేవి అవే.

ప్రశ్న: ఆట నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా?
— అక్కయ్యపాలెం

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపైతే ఇస్తారు. జీఓజీ 30 రోజులు ఇస్తుంది, ఆడినా సరే. ప్లేస్టేషన్ స్టోరులో 14 రోజులే, పైగా డౌన్‌లోడ్ మొదలుపెడితే, ఆటలో లోపం ఉంటే తప్ప, ఆ హక్కు పోతుంది. కాబట్టి కొనే ముందే ఆడినవాళ్ల వీడియో చూడండి. ఇక్కడి దుకాణంతో బిల్లు పేచీ అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ప్రశ్న: పీసీని హాల్లో టీవీకి కలిపి సోఫాలో ఆడుతున్నాను. బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతోంది, కంట్రోలర్ మధ్యమధ్య తెగిపోతోంది, మెడ నొప్పి. డెస్కు దగ్గర కూర్చుంటే కుర్చీకి వీపు అతుక్కుపోతోంది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సీతమ్మధార

ఆలస్యం టీవీది. బొమ్మకు మెరుగులు దిద్దే క్రమంలో దాన్ని కాసేపు పట్టి ఉంచుతుంది. పీసీ కేబుల్ గుచ్చిన హెచ్‌డీఎంఐ పోర్టుకి టీవీ మెనూలో గేమ్ మోడ్ పెట్టండి, మోషన్ స్మూతింగ్ లాంటివన్నీ ఆపండి. అక్షరాలు మసకగా ఉంటే ఆ పోర్టు పేరుని టీవీ మెనూలో పీసీ అని మార్చండి. 4కే, 120 హెర్ట్జ్ కావాలంటే అల్ట్రా హై స్పీడ్ ముద్ర ఉన్న కేబులే కొనండి, మూడు మీటర్లు దాటనివ్వకండి.

కంట్రోలర్ తెగడానికి కారణం చాలాసార్లు బ్లూటూత్ డాంగిల్ (కంట్రోలర్ సంకేతాల్ని అందుకునే చిన్న ముక్క) పీసీ వెనకాల ఇనుప గోడ చాటున, అదీ యూఎస్‌బీ 3 పోర్టు పక్కన ఉండటం. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, యూఎస్‌బీ 3 రొద కూడా అక్కడే. మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని టీవీ ముందుకు తెచ్చి పెట్టండి.

మెడ నొప్పికి టీవీ ఎత్తు చూడండి. మన ఇళ్లలో టీవీని దేవుడి పటంలా పైకి బిగించేస్తారు. కూర్చున్నప్పుడు కళ్లు నేలకు సుమారు 105 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి, తెర మధ్యభాగం ఆ దగ్గరకు రావాలి. డెస్కు దగ్గర మానిటర్ పైఅంచు కంటి మట్టంలో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. మార్కెట్లో దొరికే 75 సెంటీమీటర్ల బల్ల చాలామందికి ఎత్తు ఎక్కువే. మోచేయి మట్టానికి కుర్చీ పైకెత్తి, కాళ్ల కింద పీట వేసుకోండి.

కుర్చీ విషయంలో మా మాట సూటిగా: రేసు కారు సీటులా కనిపించే రెక్సిన్ కుర్చీ విశాఖ ఉక్కపోతకు పనికిరాదు. అదే డబ్బుకి మెష్ వీపున్న ఆఫీసు కుర్చీ కొనండి.

కంట్రోలర్‌తో బటన్ నొక్కి నిద్రలేపే సుఖం మాత్రం పీసీలో ఇంకా నమ్మకంగా కుదరదు. స్టీమ్‌ని బిగ్ పిక్చర్ మోడ్‌లో (టీవీకి తగ్గ పెద్ద మెనూతో) మొదలయ్యేలా పెట్టుకుంటే సగం దూరం వస్తారు. మిగతా సగానికి లేచి వెళ్లి పవర్ బటన్ నొక్కాల్సిందే.

ప్రశ్న: ఇంట్లో అన్నదమ్ములం ముగ్గురం. ఒకరు కొన్న ఆట అందరం ఆడొచ్చా?
— పెందుర్తి

స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంటివాళ్లు ఆరుగురి వరకు చేరవచ్చు. ఒక కాపీని ఒక సమయంలో ఒక్కరే ఆడగలరు, వేర్వేరు ఆటలైతే అందరూ ఒకేసారి. తమ్ముడు మీ కాపీతో చీటింగ్ చేసి దొరికితే నిషేధం మీకూ పడుతుంది. బయటకు వెళ్లినవాళ్ల స్థానం ఏడాది దాకా ఖాళీ అవ్వదు కాబట్టి స్నేహితుల్ని చేర్చే ముందు ఆలోచించండి. పీఎస్5లో కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అనే సెట్టింగ్ ఒక ఖాతాకి ఒక మిషన్‌లో ఆన్ చేస్తే ఆ మిషన్‌లో అందరూ ఆడుకోవచ్చు.

ప్రశ్న: అమెరికా నుంచి మా బావ పీఎస్5 డిస్కులు తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తాయా?
— భీమిలి

పీఎస్5 ఆటల డిస్కులకు దేశం హద్దు లేదు, పనిచేస్తాయి. చిక్కు ఆటకి స్టోరులో విడిగా కొని దించుకునే అదనపు భాగాలతో వస్తుంది. అమెరికా డిస్కుకి ఇండియా ఖాతాలో కొన్న అదనపు భాగం కలవకపోవచ్చు. అమెరికా గిఫ్ట్ కార్డులు ఇండియా ఖాతాకి ఎక్కవు. ఖాతా తెరిచేటప్పుడు దేశం సరిగ్గా పెట్టండి. సినిమా బ్లూరే డిస్కులకు మాత్రం ప్రాంతపు తాళం ఉంటుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ పీఎస్4 చవగ్గా వస్తోంది. కొనేటప్పుడు ఏం చూడాలి?
— ఇంటర్ విద్యార్థి, మర్రిపాలెం

అమ్మేవాడి ఇంట్లోనే అరగంట ఆడి చూడండి. ఫ్యాన్ విమానంలా హోరెత్తితే లోపల దుమ్ము పట్టిందనో, చిప్ మీది పేస్టు ఎండిపోయిందనో అర్థం. బాగుచేయించవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. మీ దగ్గరున్న డిస్కు ఒకటి తీసుకెళ్లి ఇన్‌స్టాల్ చేయండి, డ్రైవ్ సంగతి తెలుస్తుంది. కంట్రోలర్ ముట్టుకోకుండా ఉన్నా మెనూ దానంతటదే జరుగుతుంటే స్టిక్ లోపల కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ అరిగిపోయింది. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టుల్లో టార్చి వేసి చూడండి, ఆకుపచ్చ మరక కనిపిస్తే ఉప్పు తిన్న సరుకు, వదిలేయండి.

సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 9.00 లేదా ఆపైది ఉండాలి. లోపల గడియారానికి సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయి, నెట్ కూడా అందకపోతే పాత సాఫ్ట్‌వేర్‌లో డిస్కు ఆటలు కూడా మొరాయించేవి. 2021లో వచ్చిన 9.00తో ఆ బెడద తీరింది. డబ్బిచ్చే ముందు అమ్మేవాడి ఖాతాని డీయాక్టివేట్ చేయించి, ఫ్యాక్టరీ రీసెట్ మీ ఎదుటే చేయించండి.